చిన్ని పథ్యం

మెర్సీకి ఉన్న భయాల్లో అన్నిటికంటే పెద్దది, పిల్లి ఒంటిమీద లేచిన పొక్కు పాప ఒంటికి అంటుకుంటుందేమోనని. ప్రార్థనలో కూడా ఆ మాట పైకి అనదు. అంటే నిజమవుతుందని ఇంకో భయం.

అందుకే పొద్దున లేవగానే, పొయ్యి ముట్టించకముందే, ముందర గదిలోకి పోయి ఇద్దరినీ చూసుకుంటుంది. ఆ గదిలో సగానికి పైగా పత్తి. డిసెంబరులో ఏరి తెచ్చి కిటికీ చువ్వల ఎత్తుకు పోశారు. రేటు వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. కుప్ప వాలిన చోట బొంత పరిచి నాలుగున్నరేళ్ల కెజియాను పడుకోబెడతారు. పత్తి మీద పడుకుంటే చలికాలం దుప్పటి అక్కర్లేదు. పాప కడుపు పక్కన, పత్తిలో గిన్నెలాంటి గుంట చేసుకుని చిన్ని పడుకుంటుంది. నలుపూ తెలుపూ కలిసిన ఆడపిల్లి. మూడేళ్ల కింద వానలో గడప దగ్గర దొరికినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది.

ఆ ఫిబ్రవరి పొద్దున కూడా మెర్సీ పిల్లిని ఎత్తుకొచ్చి, పాత లంగాలో చుట్టి, వీపు మాత్రం బయటికి ఉంచి వాకిట్లో కూర్చుంది. తోక మొదట్లో అరచేయంత జాగాలో వెంట్రుక లేదు. చర్మం ఎర్రగా, అక్కడక్కడా పొక్కు కట్టి ఉంది. గదువ కింద ఆవగింజల్లాంటి పొక్కులు. ఎడమ చెవి వెనుక రాత్రి గీక్కున్న చోట నెత్తురు ఎండింది. వేలితో తెల్లటి మందు రాస్తుంటే చిన్ని ఒళ్లంతా అలలా వణికింది. కరవలేదు. మొదట్లో కరిచేది. ఇప్పుడు మెర్సీ మోచేతి మడతలో తల పెట్టి, అయ్యేదాకా కళ్లు మూసుకుంటుంది. ఆ నమ్మకమే మెర్సీకి కష్టంగా ఉంటుంది. నమ్మినంత పని ఏదీ తన చేతి వల్ల జరగడం లేదు.

నాకకుండా మెడకు ఏదైనా కట్టమని మోత్కూరు పశువుల డాక్టరు చెప్పాడు. అట్ట కడితే రెండు రోజుల్లో నాని చిరిగిపోయింది. అప్పుడు మెర్సీకి దూలం సందులో చుట్టి పెట్టిన మామ ఎక్స్‌రే గుర్తొచ్చింది. మామ ఇస్రాయేలు కంకర మిషన్ దగ్గర పనిచేసి, దగ్గి దగ్గి పోయిన మనిషి. ఆ ఫిలిమును కత్తిరించి, గరాటులా చుట్టి, దబ్బనంతో కుట్టింది. పిల్లి వెలుతురు వైపు తల తిప్పినప్పుడల్లా మామ పక్కటెముకలు తెల్లగా కనబడతాయి. అత్త జానమ్మ మొదటిసారి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"సచ్చినోని బొక్కలు పిల్లి మెడకు కట్టినవా పోరీ!"

మళ్లీ కాసేపటికి ఆమే అంది. "ఉండనీతియ్యి. ఆయినకు పిల్లులంటే పానం."

పిల్లికి ఈ పొక్కులు లేవడం ఇది రెండో ఏడు. పోయినేడు క్రిస్మసుకు మొదలై ఈస్టరుకు పోయింది. జానమ్మ చర్చినుంచి ప్రార్థన నూనె తెచ్చి పిల్లి వీపుకు రాసింది. ఎవరికీ కనబడకుండా రాశాననుకుంది కానీ పక్కింటి పుష్పమ్మ గోడమీదినుంచి చూడనే చూసింది.

"ఏం వొదినే, ఆ నూనె మనుషులకే సాలుతలేదంటే పిల్లికా? రేపు బాప్తిస్మం గూడ ఇప్పియ్యి!"

"నవ్వు నవ్వు. పోతే గప్పుడు నువ్వే అడుగుతవు, నీ బర్రెకు."

నిజంగానే పోయింది. వెంట్రుక దట్టంగా వచ్చింది. నూనె మహిమే అని జానమ్మ వాడంతా చెప్పుకుంది. ఈ క్రిస్మసుకు మళ్లీ మొదలయ్యేసరికి అంతే నమ్మకంతో మళ్లీ రాసింది. ఈసారి నూనె నాకి పిల్లి కక్కుకుంది.

మెర్సీ మూడుసార్లు దవాఖానకు తీసుకుపోయింది. బర్రెలు, గొర్లు నిలబడే వరసలో సంచిలో పిల్లితో నిలబడితే గొర్లకాపరులు వంగి వంగి చూసేవాళ్లు. సూది వేస్తే పదిహేను రోజులు బాగుండేది. పదహారో రోజు నుంచి గీకడం. మూడోసారి డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. "ఇది అలర్జీ అమ్మా. దానికి ఏదో పడతలేదు. ఊకె సూదులేస్తే లోపల కరాబైతది. తినే దాంట్ల ఒక్కొక్కటి బంద్ చేసి చూడు. ఏది పడతలేదో నువ్వే కనిపెట్టాలె."

నువ్వే కనిపెట్టాలె. ఆ మాట మెర్సీని వారం రోజులు నిద్రపోనివ్వలేదు. తను పదో తరగతి పరీక్ష ఫీజు కట్టిన నెలకే బడి మానేసిన పిల్ల. తల్లికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోతే, కడిగి తినిపించడానికి మనిషి కావలసి వచ్చింది. నర్సు కావాలనుకున్నది, తల్లి ఒక్కతికే నర్సయింది. ఇప్పటికీ మందు గొట్టం మీది ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటి కూడబలుక్కుని చదువుతుంది. చదవడం వస్తుంది, అర్థం రాదు. కనిపెట్టడం పెద్ద చదువులు చదివినవాళ్ల పని అనుకునేది. అది తన మీద పడింది.

చర్చి క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకుంది. మొదటి వారం పాలు బంద్. రెండో వారం కోడి బంద్. మూడో వారం ఎండు చేప. అప్పుడు తెలిసింది, చిన్ని ఒక్క ఇంట్లో తినే పిల్లి కాదని. పుష్పమ్మ ఇంట్లో దాని పేరు దొంగముండ, పొద్దున బర్రె పిండగానే ఒక గుటక పాలు. రోడ్డు మీద నాగరాజు చాయ్ హోటల్లో దాని పేరు మేడం, పదకొండింటికి మీగడ. మెర్సీ ఇంటింటికీ పోయి చెప్పింది. ఏమీ పెట్టొద్దు, పథ్యం నడుస్తోంది అని.

"పిల్లికి పథ్యమా?" నాగరాజు చాయ్ గ్లాసు ఎత్తిపట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏమైంది మేడానికి? షుగరా, బీపీనా?"

హోటల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. మెర్సీ కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపొస్తుంది. "జర మాట ఇనన్నా. నెల రోజులు. దేవుని పేరు మీద అడుగుతున్న."

నాగరాజు నవ్వు ఆపి సరేనన్నాడు. పుష్పమ్మ కూడా సరేనంది. పాలు బంద్ చేసినా తగ్గలేదు. కోడి బంద్ చేసినా తగ్గలేదు. ఎండు చేప బంద్ చేశాక పిల్లి బక్కచిక్కింది, గీకడం మాత్రం తగ్గలేదు. ఉత్త అన్నం ముందు కూర్చుని మెర్సీ మొహంలోకి చూసేది, ఏదో మరిచిపోయావు అన్నట్టు. తిని పోయి పత్తి మీద పడుకునేది.

మందు రాయడం అయింది. పిల్లిని వదిలి చేయి కడుక్కుని పాపను లేపడానికి పోయింది మెర్సీ. గౌను మార్చడానికి చేతులు పైకెత్తితే చంక కింద కనబడ్డాయి. ఎర్రగా, గుండుసూది తలకాయంత. ఆరు. పక్కకు తిప్పితే నడుము మీద ఇంకో నాలుగు.

"అమ్మా, దురద" అంది కెజియా నిద్రమత్తులో, గీక్కుంటూ.

మెర్సీ ఇంకోసారి లెక్కపెట్టింది, పది. గౌను పట్టుకుని అలాగే కింద కూర్చుంది.

చెంబుతో లోపలికి వచ్చిన జానమ్మ చూసింది. ఆమె అరవలేదు. చెంబు కింద పెట్టి, పాప చేయి ఎత్తి వెలుతురుకు తిప్పి చూసింది.

"ఇగ అయిపోయింది" అంది మెల్లగా. "నేను చెప్తనే ఉన్న."

"అత్తమ్మా, డాక్టరు అలర్జీ అన్నడు..."

"మరి గిదేంది? గీ పొక్కులు నువ్వేసినవా, నేనేసిన్నా? దాన్ని పట్టుకోని పంటది, దానిదే అంటింది. ఇంకా రెండు దినాలాగి మొకం మీదికి రానిస్తవా?"

ఆగడం అనే మాట దగ్గర మెర్సీ ఓడిపోతుంది. కెజియాకు ఎనిమిదో నెలలో జ్వరం వస్తే, రాత్రి బండి దొరకదని తెల్లారేదాకా ఆగింది. తెల్లారేసరికి పాప కళ్లు పైకి తిరిగి బిగుసుకుపోయింది. నల్గొండ దవాఖానలో పెద్ద డాక్టరమ్మ అందరి ముందు అడిగింది, ఇంతసేపు ఏం చేస్తున్నావని. ఏం చేస్తున్నది? తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. పాప బతికింది. ఆ ప్రశ్న మాత్రం మెర్సీలో ఉండిపోయింది. అప్పటినుంచి ఆమె దేనికీ ఆగదు. తుమ్మితే పరిగెత్తుతుంది.

"ఏడ ఇడుస్తవు?" అని అడిగింది.

"మోత్కూరు మార్కెట్ యార్డుల. ఒడ్ల బస్తాలుంటయి, ఎలుకలుంటయి. బతుకుతది." జానమ్మ అప్పటికే ఎరువు సంచి దులుపుతోంది. "ఎట్లగూ పింఛనుకు పోవాలె నేను. నువ్వు పత్తిమిల్లు పనికి పొయ్యే ఆటోలనే పోత."

భర్త సాల్మన్‌ను అడుగుదామంటే అతను బోరుబండి మీద రాయచూరు వైపు ఉన్నాడు. పొద్దున ఆ టైముకు ఫోన్ ఎత్తడు. ఎత్తినా ఏం చెబుతాడు? పాపకంటే ఎక్కువా అంటాడు. అది నిజమే.

సంచి మూతి జానమ్మ పట్టుకోలేకపోయింది. మెర్సీయే పట్టుకుంది. మందు రాయడానికి పిలుస్తోందనుకున్నట్టుంది చిన్ని, రెండోసారా అన్నట్టు చూసి, ఒళ్లోకి వచ్చింది. మెర్సీ దాన్ని అదే ఒళ్లోంచి సంచిలోకి జార్చింది. పాప అప్పటికి పుష్పమ్మ ఇంట్లో బిస్కెట్ తింటోంది. అక్కడినుంచి అంగన్‌వాడీకి పోతుంది.

ఆటోలో పదకొండు మంది. మెర్సీ పాదాల మధ్య సంచి. దారిపొడుగునా లోపలినుంచి సన్నగా ఒకే అరుపు, ఆగి ఆగి.

"ఏందక్కా, కోడా?" అని డ్రైవరు అద్దంలోంచి అడిగాడు.

"పిల్లి."

"పిల్లిని అమ్మనీకె పోతున్నరా? రేటెంత నడుస్తాంది?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. జానమ్మ బయటి వైపుకు మొహం తిప్పుకుని, కొంగు తల మీదికి లాక్కుంది. మిల్లు గేటు దగ్గర మెర్సీ దిగింది. దిగేటప్పుడు సంచి అత్త పాదాల దగ్గరికి జరపాలి. జరిపింది. సంచిలోంచి వేడి చేతికి తగిలింది.

పత్తి మిల్లులో మెర్సీది ఏరే పని. లారీలు దింపిన కుప్ప చుట్టూ ఆడవాళ్లు కూర్చుని పుచ్చు పత్తి, ఆకు ముక్కలు, పుల్లలు తీసి పక్కన వేస్తారు. తలకు, ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. గంట గడిచేసరికి కనుబొమలూ కనురెప్పలూ తెల్లబడి, ఇరవై నాలుగేళ్ల మెర్సీ కూడా ముసలిదానిలా అవుతుంది. మూడు సీజన్ల నుంచి చేస్తోంది. ఆమె చేతులు చూడకుండానే ఏరతాయి. ఆ రోజు పుచ్చు పత్తి మంచి పత్తిలోకి పోయింది రెండుసార్లు. రెండుసార్లూ పక్కన కూర్చున్న రామమ్మ చూసి, మాట్లాడకుండా తీసేసింది.

రామమ్మకు యాభై ఉంటాయి. తిరుమలగిరి వైపు మనిషి. ఆ మిల్లు పెట్టినప్పటినుంచీ ఉన్నది. అన్నం దగ్గర మెర్సీ ముక్కు గుడ్డ విప్పి, జాకెట్టు లోపలికి వేలు పెట్టి మెడ కింద గీక్కుంది. తను గీక్కుంటున్నట్టు తనకే తెలియదు.

"ఏమైందే ఆడ?"

"చెమటకాయలు పెద్దమ్మా."

"ఫిబ్రవరిల చెమటకాయలేందే? ఇటు రా." రామమ్మ అన్నం చేయి ఎడంగా పట్టి, రెండో చేత్తో మెర్సీ కొంగు పక్కకు తీసింది. మెడ ఎముక కింద ఎర్రగా, గుండుసూది తలకాయంత. మెర్సీ వంగి చూసుకుంది. పొద్దున చూసినవే.

"మీ ఇంట్ల పత్తి ఉన్నదా?"

"ఉన్నది. ముందరర్రల."

"ఎన్ని దినాలాయె?"

"క్రిస్మసుకు ముంగట పోసినం."

"దాని మీద పంటరా?"

మెర్సీ తలూపింది. 

"గదే" అంది రామమ్మ, ముద్ద కలుపుకుంటూ. "కుప్ప పోసి కదలకుంట ఉంచితే సన్న పురుగు పుడతది. కండ్లకు కనవడది. దాని మీద పండినోళ్లకు, కూసున్నోళ్లకు గిట్లనే లేస్తది. మా ఇంట్ల రెండేండ్లు సచ్చినం. మా పెద్దోడు గీకి గీకి పుండ్లు చేసుకున్నడు. గజ్జి అని మందు, అమ్మవారని మొక్కులు. పత్తి అమ్మినంక, ఇల్లు ఊడ్చినంక, దానంతట అదే పోయింది. నువ్వేం ఫికర్ జేయకు. అంటురోగం కాదది."

మెర్సీకి రామమ్మ మాటలు దూరంనుంచి వినబడ్డాయి. పోయినేడు క్రిస్మసుకు మొదలైంది. ఈస్టరుకు పోయింది. ఈస్టరుకు రెండు వారాల ముందు పత్తి అమ్మారు. పాలు బంద్ చేసింది. కోడి బంద్ చేసింది. ఎండు చేప బంద్ చేసింది. రోజూ మందు రాసి, చేయి కడుక్కుని, పిల్లి పోయి పత్తి మీద పడుకుంటే తలుపు దగ్గరికి వేసి వచ్చింది, వెచ్చగా ఉంటుందని.

"పెద్దమ్మా" అంది. "పిల్లులకు గూడ లేస్తదా?"

"తోలున్న దేనికైనా లేస్తది. ఎందుకే?"

సగం తిన్న డబ్బా అక్కడే వదిలి మెర్సీ లేచింది. సూపర్‌వైజరు గేటు దగ్గర ఆపాడు. ఏమైందంటే పాపకు బాగాలేదంది. అంతకంటే సులభమైన మాట ఆమెకు దొరకలేదు. పిల్లి కోసం అంటే పంపడు. జానమ్మకు ఫోన్ చేసింది. పుష్పమ్మ ఎత్తింది. "మీ అత్త ఫోను ఈడనే చార్జింగు పెట్టిపోయింది" అంది.

మార్కెట్ యార్డుకు నడిచింది. నడక కాదు, ఉరుకు. పన్నెండున్నర ఎండ. పొడుగ్గా రేకుల షెడ్లు, ఖాళీ గోనె సంచుల గుట్టలు, చింతపండు అమ్మడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, నీడలో తుండు పరుచుకుని పడుకున్న హమాలీలు. జానమ్మ లేదు.

"అన్నా, ఒక ముసలమ్మ సంచి తెచ్చిందా? పొద్దుగాల?"

ఒక హమాలీ మోచేతి మీద లేచాడు. "పిల్లినా? తెచ్చింది. మూడో షెడ్డు కాడ సంచి పట్టుకోని గిరగిర తిప్పుతుంటే, ఏంది పెద్దమ్మా, బోనమా బతుకమ్మా అని అడిగినం." పక్కవాడు నవ్వాడు. "మూడు సుట్లు తిప్పుతె తొవ్వ మరుస్తదట."

మూడు చుట్లు తిప్పడం జానమ్మ తల్లిగారి ఊరి అలవాటు. పిల్లిని దూరం వదిలేటప్పుడు సంచిని తిప్పకపోతే రాత్రికల్లా ఇంటికి వస్తుందంటారు. మెర్సీకి ఆ మాట తెలుసు. ఇన్నాళ్లూ నవ్వుకునేది. ఇప్పుడు నిజం కాకపోతే బాగుండునని మనసులో అనుకుంది.

"ఎటు పోయింది?"

"ముసలమ్మనా?"

"పిల్లి."

హమాలీ ఆమె మొహం చూసి నవ్వడం మానేశాడు. లేచి, చెప్పులు వేసుకుని, మూడో షెడ్డు దాకా వచ్చాడు. సంచుల వెనుక, త్రాసు కింద, మోరీ గొట్టం లోపల వంగి చూశాడు. మెర్సీ పిలిచింది. చిన్నీ. చిన్నీ. పిలుపు రేకులకు తగిలి తిరిగి వచ్చింది. ఒక పసుపు రంగు పిల్లి గోడ మీదినుంచి చూసి, తనను కాదని దూకిపోయింది. మెర్సీ దొంగముండ అని పిలిచింది. మేడం అని కూడా పిలిచింది. ఏ ఇంటి పేరుకైనా పలుకుతుందేమోనని. ఆ పేరుకు హమాలీ పెదవులు బిగబట్టుకున్నాడు కానీ నవ్వలేదు.

నాలుగు దాకా తిరిగింది. తర్వాత ఆటో ఎక్కింది.

ఇంటికి వచ్చేసరికి జానమ్మ వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం పెట్టుకుని ఉంది. ఏరడం లేదు. పక్కన ఎక్స్‌రే గరాటు.

"మెడకు అదుంటే ఏం తింటదని ఇప్పి తెచ్చిన" అంది, అడగకముందే.

రామమ్మ అన్నదంతా మెర్సీ చెప్పింది. తన మెడ చూపించింది. జానమ్మ విన్నది. చాలాసేపు చాటలోని బియ్యాన్ని వేలితో అటూ ఇటూ జరిపింది. తర్వాత తన రవిక చేతిని మోచేతి దాకా లాగి చూసుకుంది. మధ్యాహ్నం ఆమె కూడా కుప్పకు ఆనుకుని కునుకు తీస్తుంది. ముడతల మధ్య ఎర్రగా నాలుగైదు. ముసలితోలు అనుకుంది ఇన్నాళ్లూ.

"అది ఉరకలే మెర్సీ" అంది. "సంచిలకెళ్లి ఎల్లినంక తల తిరిగి ఒక పక్కకు పడ్డది. లేసి, నా కాళ్ల కాడనే కూసున్నది. నా ఎంట ఒస్తున్నది. నేనే కట్టె తీసుకోని అదిలిచ్చిన. కొట్టలే. అదిలిచ్చిన అంతే."

"నువ్వేం జేస్తవు అత్తమ్మా. మూతి పట్టుకున్నది నేను."

కెజియా అంగన్‌వాడీ నుంచి వచ్చి పత్తి దగ్గరికి పోయింది. గుంటలో చేయి పెట్టింది. "చల్లగున్నది" అంది. బయటికి వచ్చి, "చిన్ని దవాఖానకు పోయిందా?" అని అడిగింది.

మెర్సీ, జానమ్మ ఒకరినొకరు చూసుకోలేదు. "ఆ" అంది జానమ్మ.

చీకటి పడకముందే సాల్మన్ ఫోన్ ఎత్తాడు. బోరు మోతలో గట్టిగా అరిచి మాట్లాడాల్సి వచ్చింది. పత్తి రేపే అమ్మేద్దామంది మెర్సీ.

"ఇప్పుడా? పిచ్చిదానివా? నెల రోజులాగుతే రేటొస్తదంటున్నరు. పురుగు పోనీకె ఎండల పొయ్యరాదు?"

"అంత పత్తి ఏడ పొయ్యాలె? మనకు వాకిలేడున్నది?"

"మరి పాపను ఎనకర్రల పండవెట్టు. పత్తిని మాత్రం కదిలియ్యకు. పిల్లిదేముంది, ఇంకోటి దొరుకుతది."

అతను చెడ్డవాడు కాదు. కౌలు చేను, వాన సరిగ్గా లేని ఏడు, ఆ గదిలో ఉన్నదే వాళ్ల ఏడాది. ఆ సంగతి మెర్సీకి అతనికంటే బాగా తెలుసు. ఇంట్లోంచి తీసేయడానికి వీలైనది ఏదో అదే బయటికి పోయింది. పత్తి ఉంది. మెర్సీ పాప బొంతను వేడినీళ్లలో ఉడకబెట్టి, వెనక గదిలో కొత్త చాప పరిచింది.

తొమ్మిది రోజుల్లో కెజియా ఒంటిమీది పొక్కులు ఎండిపోయాయి. ఏ మందూ రాయలేదు. మెర్సీ మెడ మీదివీ పోయాయి. సంతోషించాల్సిన విషయమే. అన్నిటికంటే పెద్ద భయం తప్పింది. కానీ పొద్దున లేవగానే పాప చంకలు చూసుకుని, చర్మం నున్నగా ఉందని తెలిసిన ప్రతిసారీ ముందర గదిలోకి పోయి పత్తిలోని ఖాళీ గుంట చూసి వచ్చేది. చర్మం ఎంత బాగుంటే తప్పు అంత స్పష్టంగా కనబడేది. మార్చిలో పత్తి అమ్మారు. జానమ్మ ముందర గది మూడుసార్లు కడిగింది.

"చిన్నికి ఇంకా బాగ కాలేదా?" అని కెజియా ఇప్పటికీ అడుగుతుంది. దవాఖాన అంటే చాలా రోజులు ఉండే చోటని ఆ పిల్లకు తెలుసు.

మిల్లు నడిచినన్నాళ్లు మెర్సీ అన్నం గంటలో యార్డుకు పోయి వచ్చింది. మిల్లు బందయ్యాక పోవడానికి లేదు. అందుకని మోత్కూరు పోయే ప్రతివాళ్లనూ అడుగుతుంది. ఆటో డ్రైవరును, ఆశా వర్కరును, పింఛనుకు పోయే ముసలివాళ్లను. మీరు కనబడితే మిమ్మల్నీ అడుగుతుంది, కాబట్టి ముందే చెప్పడం మంచిది. అటు పోతే ఒకసారి చూడండి. నలుపూ తెలుపూ ఆడపిల్లి. తోక మొదట్లో అరచేయంత జాగాలో వెంట్రుక ఉండదు అని మొదట్లో గుర్తు చెప్పేది మెర్సీ. ఇప్పుడు ఆ గుర్తు చెప్పదు. పత్తికి దూరంగా ఉంది కదా, ఈపాటికి నయమై ఉంటుంది. వెంట్రుక వచ్చి ఉంటుంది. బాగైన పిల్లిని దేన్ని బట్టి గుర్తుపట్టాలో ఆమెకే తెలియదు. కనుక నిండా వెంట్రుకలున్న ఏ నలుపు తెలుపు పిల్లినైనా, చిన్నీ అని ఒక్కసారి పిలిచి చూడండి. అది రాకపోతే మూడో షెడ్డు చివరి స్తంభం దగ్గరికి పోండి. మిల్లు బందైన రోజు మెర్సీ తన అన్నం డబ్బా మూతలో రెండు ముద్దలు పెట్టి అక్కడ వదిలి వచ్చింది. ఆ స్టీలు మూత నాకి తుడిచినట్టు ఉందో, అన్నం అలాగే ఎండి దానికే అతుక్కుని ఉందో చూసి చెప్పండి.